లక్షణం గడగడా చెబుతాడు, లక్ష్యం (ఉదాహరణ) చూపిస్తే తెల్లమొహం – అలంకారాలు, సంధులు, ఛందస్సు ఇంట్లో చెప్పేదెలా?

లలిత_మురళీనగర్
మా వాడు పదో తరగతి. ఇంగ్లీషు మీడియం, తెలుగు ఒక సబ్జెక్టు. ‘ఉపమేయాన్ని ఉపమానంతో మనోహరంగా పోల్చి చెప్పడం ఉపమాలంకారం’ అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పుస్తకంలో లేని వాక్యం ఇచ్చి ఇదేం అలంకారంరా అంటే మాత్రం ముందు ఉపమ అంటాడు, నేను తల ఊపకపోతే రూపకం అంటాడు, అప్పటికీ ఊపకపోతే ఉత్ప్రేక్ష. నా మొహం చూసి చెబుతున్నాడు తప్ప వాక్యం చూసి కాదు. సంధులదీ అదే వరస. బడిలో అడిగితే బిట్లు బట్టీ పట్టించండి, మార్కులు వచ్చేస్తాయి అన్నారు. నా బెంగ మార్కుల గురించి కాదు. ఒక పద్యం చదివితే అందులో ఏం జరుగుతోందో వాడికి తెలియాలి. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పుకునే దారి ఏదైనా ఉందా? ముందు ఈ మూడింటి తేడా తేలితే చాలు.

స్టీల్‌సిటీ_సుబ్బు
చాలా తేలిక. ‘లా’, ‘వలె’ ఉంటే ఉపమ. ‘ఏమో’, ‘కాబోలు’ ఉంటే ఉత్ప్రేక్ష. ఏదీ లేకపోతే రూపకం. మా అమ్మాయికి ఇంతే చెప్పాను, పని జరిగిపోయింది.

విశ్రాంత_పంతులు
సుబ్బుగారు చెప్పింది పరీక్ష హాలు వరకు పనికొస్తుంది. అక్కడే ఆగితే చిక్కు. ‘మా వాడు అచ్చం వాళ్ళ నాన్నలా ఉంటాడు’. ఇందులో ‘లా’ ఉంది. ఉపమాలంకారమా? కాదు. పోలిక ఉంది, చమత్కారం లేదు. పాత ఆలంకారికులు దీనికి గవయాన్ని, అంటే ఆవును పోలిన అడవి జంతువుని, చూపించేవారు. గవయం ఆవులా ఉంటుంది అంటే అది సమాచారం, అలంకారం కాదు. లక్షణంలో ‘మనోహరంగా’ అన్న మాట ఊరికే పెట్టలేదు, లలితగారూ. పిల్లలు ఆ మాటనే మింగేస్తారు.

మన విశాఖలో ఉన్నదాన్నే తీసుకోండి. బీచ్ రోడ్డులో నిలబడి దక్షిణానికి చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తుంది కదా.
‘ఆ కొండ నీళ్ళలోకి మూతి చాచిన చేపలా ఉంది.’ ఇది ఉపమ. కొండ ఉపమేయం, చేప ఉపమానం, మూతి చాచడం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఒకటి తీసేసి ‘ఆ కొండ చేపలా ఉంది’ అనండి, సమానధర్మం లోపించింది, లుప్తోపమ.
‘వచ్చే ఓడలను లెక్క పెట్టడానికే ఆ కొండ అక్కడ కూర్చుందేమో!’ ఇది ఉత్ప్రేక్ష. కొండ కూర్చోదని మనకు తెలుసు. తెలిసే ఊహిస్తున్నాం.
‘అలల చేతులు ఆ కొండ పాదాలు కడుగుతున్నాయి.’ అలలు అనే చేతులు. అలలకు, చేతులకు భేదం లేదన్నట్టు చెప్పేశాం. రూపకం.
ముందు ఉపమేయం ఎవరో వేలు పెట్టి చూపించమనండి. ఆ తర్వాత, కవి ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టాడా, ఒకటే అన్నాడా, అలా ఉందని ఊహిస్తున్నాడా అని అడగండి. అలంకారం పేరు ఆఖర్న అడగండి.

కంచరపాలెం_కుర్రోడు
మాస్టారూ, ఇదేటండీ ఇంత సులువుగా సెప్పీసినారు! నాను డీఎస్సీకి సదువుతున్నాను. కోచింగులో గవయం ఊసే ఎత్తలేదు.

సీతమ్మధార_సీత
మా పిల్లకి ఇంగ్లీషులో సిమిలీ, మెటఫర్ బాగా వచ్చు. ఉపమ, రూపకం అవే అనుకోవే అన్నాను. ఆ రెండింటికీ అల్లుకుపోయింది, ఉత్ప్రేక్ష దగ్గర ఆగిపోయింది. వాళ్ళ ఇంగ్లీషు పుస్తకంలో దానికి జోడీ లేదు మరి.

విశ్రాంత_పంతులు
అందుకే ఉత్ప్రేక్షను దాని కాళ్ళ మీద దాన్నే నిలబెట్టి చెప్పాలి, సీతగారూ. పిల్లలు రోజూ వాడేదే అది. ‘ఈ ఫ్యాన్ తిరగనని అలిగిందేమో’ అంటుంది చిన్నపిల్ల. ఉత్ప్రేక్షే.

భీమిలి_పడవ
అతిశయోక్తికి, స్వభావోక్తికి తేడా చెప్పడానికి మా ఇంట్లో హుద్‌హుద్ తుపాను కబుర్లు పనికొచ్చాయి. 2014 అక్టోబరు 12. మా మామయ్య ‘ఆ గాలికి కొండలు కదిలిపోయాయిరా’ అంటాడు. అది అతిశయోక్తి. మా అత్తయ్య చెప్పే తీరు వేరు. తెల్లారి తలుపు తీస్తే వేపచెట్టుకి ఒక్క ఆకు లేదు, గోడల నిండా తడిసిన ఆకుల ముక్కలు అతుక్కుని ఉన్నాయి, కైలాసగిరి పచ్చదనమంతా పోయి మాడిన రంగులో ఉంది, ఎక్కడా పిట్ట కూత లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, కళ్ళకి కడుతుంది. స్వభావోక్తి. మా పిల్లలకి ఆ రెండూ ఇక మరుపు లేదు.

స్టీల్‌సిటీ_సుబ్బు
పడవగారూ, ఉన్నది ఉన్నట్టు చెబితే అలంకారం ఎలా అవుతుంది? పేపర్లో వార్త కూడా ఉన్నది ఉన్నట్టే కదా రాస్తారు.

భీమిలి_పడవ
వార్తలో ‘భారీగా చెట్లు నేలకూలాయి’ అని ఉంటుంది. గోడకి అతుక్కున్న ఆకు ముక్క ఉండదు. ఏది చూడాలో ఎంచుకోవడంలోనే ఉంది అలంకారమంతా.

విశ్రాంత_పంతులు
పడవగారి మాటకి నా ఓటు. జాతి, గుణం, క్రియ ఉన్నవి ఉన్నట్టు మనోహరంగా వర్ణించాలి అనే స్వభావోక్తి లక్షణం. మళ్ళీ అదే ‘మనోహరం’.

కోడ్_రాసే_కవి
అర్థాలంకారాలు ఎలాగో నెట్టుకొస్తాను గానీ శబ్దాలంకారాలే నన్ను చంపేవి. ఛేకం, లాటం, యమకం. మూడింటిలోనూ మాట రెండుసార్లు వస్తుంది. ఏది ఏదో చెప్పండి ఎవరైనా.

పద్యాల_పిచ్చి
మాట రెండోసారి వచ్చినప్పుడు అర్థం మారిందా లేదా, ముందు అది చూడు తమ్ముడూ.
‘వాడి మాట వాడి, వాడి చూపు వాడి.’ మొదటి వాడి అంటే అతని, రెండో వాడి అంటే పదును. మాట అదే, అర్థం వేరు. యమకం.
‘సముద్రం కనిపించే మేడ మేడ.’ రెండు చోట్లా మేడే. కానీ రెండో మేడకి ‘అదీ అసలైన మేడ’ అన్న భావం. అర్థం మారలేదు, తాత్పర్యం మారింది. లాటానుప్రాస.
‘రాత్రి వచ్చిన కల కలవరపెట్టింది.’ కల, కల. రెండో ‘కల’ కలవరంలో ముక్క. హల్లుల జంట వెంటనే మళ్ళీ వచ్చింది, అర్థభేదంతో. ఛేకానుప్రాస. మధ్యలో ఇంకో మాట దూరకూడదు.

కోడ్_రాసే_కవి
‘సముద్రం కనిపించే మేడ మేడ’. ఎంవీపీ కాలనీలో ఇల్లు వెతికేవాళ్ళందరి లాటానుప్రాస ఇది.

లలిత_మురళీనగర్
మా వాడికి మేడ వాక్యం చూపించాను. ‘అమ్మా, అంటే మనది మేడ కాదన్నమాట’ అన్నాడు. తాత్పర్యం పట్టేశాడు! ఇక సంధుల సంగతి చెప్పండి. ‘ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు’. ఈ భాష చూసే భయపడుతున్నాడు.

రుషికొండ_రాజు
అసలు 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం సూత్రాలు ఈ కాలం పిల్లలకి ఎందుకండీ? గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఉత్తరాంధ్ర మనిషి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, జనం మాట్లాడే భాషే బళ్ళోకి రావాలని జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని జరుపుకుంటాం, మర్నాడు పిల్లలకి ‘పరంబగునపుడు’ అప్పచెప్పిస్తాం. ఈ పేర్లన్నీ తీసి పక్కన పెడితే పిల్లలు తెలుగుని ప్రేమిస్తారు.

విశ్రాంత_పంతులు
రాజుగారూ, గిడుగువారు వ్యాకరణం వద్దన్నవారు కారు. సవర భాషకి వ్యాకరణం రాసిన మనిషి ఆయన. ఆయన వద్దన్నది, జనం నోట లేని భాషలోనే రాయాలన్న పట్టుదలని. ఆ రెండూ ఒకటి కావు.

పేర్ల మాటకొస్తే, మన స్టేడియంలో కూర్చుని ఆట చూసే పిల్లాడికి గూగ్లీ అన్న పేరు తెలియకపోయినా బంతి తిరుగుతుంది. పేరు తెలిస్తే ఆ బంతి గురించి పక్కవాడితో మాట్లాడగలడు, మళ్ళీ పడితే గుర్తుపట్టగలడు. పేరు చేసే పని అదే.

లలితగారూ, ఆ సూత్రం భయపెట్టేది కాదు, పొదుపుగా రాసింది. విప్పి చూపించండి.
‘ఉత్తు’ అంటే పొట్టి ఉ. అత్తు అంటే పొట్టి అ, ఇత్తు అంటే పొట్టి ఇ. అచ్చు చివర ‘త్’ తగిలిస్తే అంతే కాలం పలికే అచ్చు అని గుర్తు. పాణిని నాటి ఏర్పాటు అది. ‘పరం’ అంటే తరువాత ఉన్నది. కాబట్టి సూత్రానికి అర్థం ఇంతే: పొట్టి ఉ తర్వాత అచ్చు వస్తే సంధి జరుగుతుంది. అదే ఉత్వసంధి.
ఇంకో రెండు మాటలు నేర్పండి. ఆదేశం, ఆగమం. ఉన్న అక్షరాన్ని లేపేసి దాని చోట ఇంకోటి కూర్చుంటే ఆదేశం. ఉన్నవాటిని కదపకుండా కొత్త అక్షరం వచ్చి మధ్యలో చేరితే ఆగమం. శత్రువులా వచ్చేది ఆదేశం, మిత్రుడిలా వచ్చేది ఆగమం అని పెద్దలు చెప్పేవారు. కూర, కాయ కలిస్తే కూరగాయ. ‘కా’ లేచిపోయి ‘గా’ కూర్చుంది. గసడదవాదేశం. నిలువు, అద్దం కలిస్తే నిలువుటద్దం. నిలువూ ఉంది, అద్దమూ ఉంది, మధ్యలో ‘ట’ వచ్చి చేరింది. టుగాగమం. సంధి పేరు వినగానే అది ఏం చేస్తుందో ఆ పేరులోనే ఉంటుందని పిల్లాడికి తెలిస్తే సగం భయం పోతుంది.

కంచరపాలెం_కుర్రోడు
మాస్టారూ, మరి మేము ‘బస్సెక్కీసాను’ అంటాం కదండీ. బస్సు, ఎక్కీసాను. ఇదీ ఉత్వసంధేనా?

విశ్రాంత_పంతులు
నిక్షేపంలాంటి ఉత్వసంధి. ‘ఎక్కేశాను’ అన్నా ‘ఎక్కీసాను’ అన్నా సంధి జరిగేచోటు మారదు. రాజుగారు చూస్తున్నారా? సూత్రం 1858 నాటిది, కానీ ఈ అబ్బాయి పొద్దున్నే బస్సెక్కి దాన్ని అమలు చేస్తున్నాడు.

రుషికొండ_రాజు
ఈ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ పాఠ్యపుస్తకంలో ఇలా నోటి మాట నుంచి సూత్రానికి వెళ్ళరు. సూత్రం ముందు, ఉదాహరణ తర్వాత, అదీ ఏ పిల్లాడూ ఎన్నడూ నోట పలకని మాట. నా గొడవ ఆ వరస మీద.

విశ్రాంత_పంతులు
ఆ వరస మీద నాకూ గొడవే.

డీఎస్సీ_దీప
సందట్లో నాదీ ఒకటి. ‘బహుళం’, ‘వైకల్పికం’ రెండూ ‘ఒకోసారి అవుతుంది, ఒకోసారి కాదు’ అనే కదా? రెండు పేర్లు ఎందుకు?

విశ్రాంత_పంతులు
వైకల్పికం అంటే ఒకే మాటకి రెండు రూపాలూ చెల్లుతాయి. ఏమి, అంటివి అన్నవి ఏమంటివి అని కలిసినా, ఏమియంటివి అని విడిగా ఉన్నా ఒప్పే. బహుళం దానికంటే పెద్ద సంచి. అందులో నాలుగు ఉన్నాయి. ఒకచోట తప్పకుండా జరుగుతుంది, ఒకచోట అసలు జరగదు, ఒకచోట జరిగినా జరగకపోయినా సరే, ఇంకోచోట అనుకున్నది కాక వేరే పని జరుగుతుంది. ‘బహుళంబుగా’ అని సూత్రంలో కనిపిస్తే, ఇక్కడ భాష మన చెప్పుచేతల్లో లేదని వ్యాకర్త ఒప్పుకున్నట్టే.

డీఎస్సీ_దీప
ఇంత కాలం రెండూ ఒకటే అని చదివించారండీ మా దగ్గర. థాంక్యూ మాస్టారూ. ద్రుతప్రకృతికం కూడా చెప్పండి దయచేసి, అదొక్కటి కొరుకుడు పడడం లేదు.

పద్యాల_పిచ్చి
దీపగారూ, ద్రుతం దగ్గరికి తర్వాత వద్దాం. అది పద్యంలో చూస్తేనే తెలుస్తుంది.

ఎవరూ ఛందస్సు ఎత్తలేదు కాబట్టి మా ఇంటి ఆట చెబుతాను. మా పిల్లలతో బస్సులో వెళ్ళేటప్పుడు స్టాపుల పేర్లకి గురులఘువులు చెప్పించేదాన్ని. దీర్ఘం గురువు (ఐ, ఔ కూడా), సున్నా ఉన్నది గురువు, పొల్లు ఉన్నది గురువు, ఒత్తక్షరం ముందున్నది గురువు, మిగతావి లఘువులు. ఇంతే పెట్టుబడి. ఇలా గురులఘువులు జట్టు కడితే అది ఒక గణం, ఒక్కో జట్టుకి ఒక్కో పేరు.
భీమిలి: గురువు, లఘువు, లఘువు. భగణం.
యారాడ: గురువు, గురువు, లఘువు. తగణం. పెందుర్తి కూడా తగణమే. ‘దు’ పొట్టిగా ఉన్నా తర్వాత ‘ర్తి’ ఉంది కాబట్టి గురువైంది. పిల్లలు ఇక్కడే తడబడతారు.
జగదాంబ: లఘువు, లఘువు, గురువు, లఘువు. సలం. ఇంద్రగణం. ఆటవెలది లాంటి పద్యాల పాదాలు ఇంద్రగణాలు, సూర్యగణాలు అనే రెండు తరగతుల గణాలతోనే కడతాం.
గాజువాక: గాజు ఒక గలం, వాక ఒక గలం. రెండు సూర్యగణాలు పక్కపక్కన.
ఇక విశాఖ: లఘువు, గురువు, లఘువు. జగణం. అది ఇంద్రగణమూ కాదు, సూర్యగణమూ కాదు. అందుకే ఆటవెలదిలో పాదం ఎత్తుకుంటూనే ‘విశాఖ’ అనలేం. ముందు ‘మన’ పెట్టి ‘మన విశాఖ’ అంటే ‘మనవి’ నగణం, ‘శాఖ’ గలం. రెండు సూర్యగణాలు, హాయిగా ఒదిగిపోతుంది.

కోడ్_రాసే_కవి
‘మన విశాఖ’ విరిస్తే ‘మనవి, శాఖ’. ఇదేదో ప్రభుత్వ కార్యాలయంలో బోర్డులా ఉంది!

లలిత_మురళీనగర్
మా మురళీనగర్ ఏ గణం?

పద్యాల_పిచ్చి
ము లఘువు, ర లఘువు, ళీ గురువు. సగణం. తర్వాత న లఘువు, గర్ గురువు. పొల్లు ఉన్న అక్షరం గురువు. లఘువు, గురువు కలిసి వగణం.

లలిత_మురళీనగర్
మా వాడు ఇప్పుడు ఎన్ఏడీ, ఆర్టీసీ కాంప్లెక్సులకి కూడా గురులఘువులు వేస్తున్నాడు. ఆపడం నా వల్ల కావడం లేదు.

పద్యాల_పిచ్చి
ఆపకండి. ఇదిగో, ఇదే ఆటలో కట్టిన ఆటవెలది. మీ వాడితో గణాలు విడగొట్టించండి.

కొండ మీద నుండి గుడిగంట వినిపించె
గాజువాక నుండి గాలి వీచె
పడవలన్ని చేరె పట్నంపు రేవుకు
చేప బుట్టలెత్తి చెల్లి వచ్చె

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి, అదే యతి.

స్టీల్‌సిటీ_సుబ్బు
బాగుంది. కానీ ప్రాస లేదే? రెండో అక్షరం ‘డ’, ‘జు’, ‘డ’, ‘ప’. నాలుగూ ఒక హల్లు కాదు.

పద్యాల_పిచ్చి
ఆటవెలదికి ప్రాస నియమం లేదు, సుబ్బుగారూ. తేటగీతికీ లేదు. యతి తప్పకూడదు, అంతే. కుదరనిచోట యతి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు ప్రాసగా కలవడం, కూడా చెల్లుతుంది. ప్రాస కచ్చితంగా ఉండాల్సింది కందానికి, ఉత్పలమాల, చంపకమాల లాంటి వృత్తాలకి. ద్విపదలో ప్రాస లేకపోతే దాన్ని మంజరీ ద్విపద అంటారు.

సీతమ్మధార_సీత
అదేంటి, ప్రాస ఉంది కదా! వినిపించె, వీచె, వచ్చె. మూడు పాదాలూ ‘చె’తోనే ముగిశాయి.

విశ్రాంత_పంతులు
సీతగారూ, సుబ్బుగారూ ఇద్దరూ రెండు వేరు వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. సుబ్బుగారు అడిగింది ఛందస్సులోని ప్రాస, పాదంలో రెండో అక్షరానిది. సీతగారు చూపించింది అంత్యానుప్రాస, పాదం చివరిది. అది శబ్దాలంకారం. సినిమా పాటల్లో, పేపరు హెడ్డింగుల్లో ‘భలే ప్రాస’ అని మనం మెచ్చుకునేదంతా ఎక్కువగా ఈ రెండో రకమే. ఒకటి పద్యానికి నియమం, ఇంకోటి సొగసు. పరీక్షలో కూడా ఈ చోటే చాలామంది మార్కు పోగొట్టుకుంటారు.

కంచరపాలెం_కుర్రోడు
మొదటి పాదం నాను సేస్తాను. కొండ గలం, మీద గలం, నుండి గలం. గుడిగంట సలం. వినిపించె సలం. యతి ‘కొ’కి ‘గు’. ఇది ఎలా కుదిరింది? ఒకటి క, ఒకటి గ. ఒకటి ఒత్వం, ఒకటి కొమ్ము.

పద్యాల_పిచ్చి
శభాష్. యతికి అదే అక్షరం రావాలని లేదు. క, ఖ, గ, ఘ ఒక జట్టు. అచ్చుల్లో ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. హల్లు జట్టూ కుదరాలి, అచ్చు జట్టూ కుదరాలి. ‘కొ’కి ‘గు’ రెండు లెక్కల్లోనూ సరే. ‘కొ’కి ‘గా’ పెడితే హల్లు కుదురుతుంది, అచ్చు కుదరదు, యతి తప్పినట్టే.

డీఎస్సీ_దీప
‘పట్నంపు రేవు’ పుంప్వాదేశ సంధి కదా? పట్నము, రేవు. ‘ము’ పోయి ‘ంపు’ వచ్చింది. ‘పట్నపు రేవు’ అన్నా ఒప్పేనా?

పద్యాల_పిచ్చి
రెండూ ఒప్పే. ‘పు’ రావచ్చు, ‘ంపు’ రావచ్చు. ‘పట్నపు’ అంటే భగణం, ‘పట్నంపు’ అంటే తగణం, ఏదైనా ఇంద్రగణమే. నా చెవికి సున్నా ఉన్నది నిండుగా అనిపించి పెట్టాను.

రుషికొండ_రాజు
ఇప్పుడు నేను వ్యాకరణం వైపు నిలబడి అడుగుతాను. పుంప్వాదేశం కర్మధారయంలో కదా చెప్పారు? సరసమైన మాట సరసపు మాట. పట్నంపు రేవు అంటే పట్నం యొక్క రేవు. అది షష్ఠీ తత్పురుష. ఎలా చెల్లుతుంది?

విశ్రాంత_పంతులు
చూశారా, పేర్లు తీసేయమన్న రాజుగారే ఎంత పదునైన ప్రశ్న వేశారో! ఈ పేర్లు లేకుండా ఈ ప్రశ్న అడగడానికి వీలుండేదా? విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి చెప్పే మాట, దాన్ని బట్టి సమాసం మారుతుంది. ‘పట్నం అనే రేవు’ అంటే సంభావనా పూర్వపద కర్మధారయం, విశాఖ అనే పట్టణం విశాఖపట్టణం అయినట్టు. పట్నంపు రేవు అలా సమర్థించవచ్చు. వాడుకలో పట్నపు వీధులు, పట్నపు పోకడలు అంటూనే ఉన్నాం.

రుషికొండ_రాజు
విగ్రహవాక్యం మన వీలుకి మార్చుకుంటున్నాం అనిపిస్తోంది. నాకింకా షష్ఠిలాగే వినిపిస్తోంది మాస్టారూ.

విశ్రాంత_పంతులు
వినిపించనివ్వండి. నేను కాదనను.

కోడ్_రాసే_కవి
నేనూ ఒకటి కట్టాను. ద్విపద. రోజూ ఆఫీసు అయ్యాక ఆ ఇసుకలో నడుస్తాను కాబట్టి అదే వచ్చింది. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఋషికొండ ఒడ్డున ఇసుకపై నడచి
విషయాలు మరచితి వెన్నెలలోన

పద్యాల_పిచ్చి
మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఋషికొండ సలం, ఒడ్డున భగణం, ఇసుకపై నగం, నడచి నగణం. రెండో పాదం కూడా: విషయాలు సలం, మరచితి నలం, వెన్నెల భగణం, లోన గలం. ప్రాస ‘షి’కి ‘ష’, సరే. యతి మూడో గణం మొదట: ‘ఋ’కి ‘ఇ’, ‘వి’కి ‘వె’. రెండూ సరే. చాలా బాగా వచ్చింది, నిజంగా.

స్టీల్‌సిటీ_సుబ్బు
బోర్డుల మీద ‘రుషికొండ’ అని ఉంటుంది కదా. అలా రాస్తే?

పద్యాల_పిచ్చి
యతి పోతుంది. ‘ఋ’ అచ్చు కాబట్టి ‘ఇ’తో మైత్రి కుదిరింది. ‘రు’ అయితే హల్లు, ర మీద కొమ్ము, ‘ఇ’తో పొత్తు లేదు. అక్షరమాలలో ఋ ఎందుకు, తీసేయండి అనే వాళ్ళకి ఈ పాదం చూపించండి.

కవిగారూ, ఒక్కటి సర్దుదాం. కొండ తర్వాత ఒడ్డు, ఒడ్డున తర్వాత ఇసుక. అచ్చు పక్కన అచ్చు వచ్చి పాదం మధ్యలో నోరు తెరుచుకుని ఉండిపోతోంది. పద్యంలో అలా వదలరు. ‘కొండ’ తర్వాత యడాగమం చేయండి: ఋషికొండ యొడ్డున. ఇక ‘ఒడ్డున’ దగ్గర యకారం రాదు. దీపగారూ, మీ ద్రుతం ఇక్కడుంది. ‘ఒడ్డున’ అసలు రూపం ‘ఒడ్డునన్’. చివర నకారప్పొల్లు ఉంది, మామూలుగా కనిపించదు. ఆ నకారమే ద్రుతం. అది చివర ఉన్న మాట ద్రుతప్రకృతికం. అచ్చు రాగానే ఆ నకారం బయటపడి అచ్చుతో కలుస్తుంది. ఒడ్డునన్, ఇసుకపై కలిస్తే ఒడ్డున నిసుకపై. ద్రుతం లేని మాటలు కళలు, ‘కొండ’ లాంటివి. అక్కడ నకారం దాగి లేదు కాబట్టి యకారం వచ్చింది.

ఋషికొండ యొడ్డున నిసుకపై నడచి

గణాలు ఏమీ మారలేదు చూడండి. యతి కూడా పోలేదు. ‘ని’లో ఉన్న ఇకారంతో ‘ఋ’కి మైత్రి ఉంటుంది.

డీఎస్సీ_దీప
ఒకే పాదంలో కళా, ద్రుతప్రకృతికమూ పక్కపక్కనే! ఒకచోట య, ఒకచోట న. ఇప్పుడు పట్టుబడింది.

కోడ్_రాసే_కవి
సర్దేశాను. చదువుతుంటే ‘యొడ్డున నిసుకపై’ దగ్గర పాదం ఆగకుండా జారిపోతోంది, మొదట రాసినప్పుడు అక్కడ గొంతు ఆగేది.

కంచరపాలెం_కుర్రోడు
అయితే కింద పాదంలో ‘వెన్నెలలోన’ కూడా ద్రుతం ఉన్నదేనా అండీ?

పద్యాల_పిచ్చి
అవును, ‘లోనన్’. కవిగారు మూడో పాదం అచ్చుతో మొదలుపెడితే ఆ నకారం పైనుంచి దిగి వచ్చి అక్కడ చేరుతుంది. ప్రాస మాత్రం ఈ రెండు పాదాలతో సరి, ఆ తర్వాత జంటకి వేరే హల్లు తీసుకోవచ్చు.